టర్కీ: రెండింటిదాకా తియ్యొద్దు

మా లాండ్రీలో ఆమెను అందరూ నిలకడమ్మ అంటారు. ఆ పేరు పెట్టిన వాళ్లెవరో గానీ వాళ్ల నోట్లో చక్కెర పొయ్యాలి. నిలకడ అనేది ఈ భూమ్మీద ఏ మూల ఉన్నా, ఆమెను చూడగానే చెప్పులు చేతబట్టుకుని పారిపోతుంది. యాభై రెండేళ్ల మనిషి. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే మడమ ఆడుతుంది, పడుకుంటే బొటనవేలు ఆడుతుంది. పెళ్లి ఫొటోలో పెళ్లికూతురు ఉండాల్సిన చోట తెల్లటి పొగ ఒకటి ఉంటుంది. నా కళ్లారా చూశాను. పొగ పక్కన పెళ్లికొడుకు మాత్రం కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటాడు.

ఆ పెళ్లికొడుకే ఇప్పటి భూతద్దం మామయ్య. గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దున కూర్చున్నాడంటే సాయంత్రం దాకా కదలడు. ఒకసారి ఆయన భుజానికీ గోడకీ మధ్య సాలీడు గూడు కట్టి, పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలకు పెళ్లిళ్లు కూడా చేసింది. నేను కాస్త తగ్గించే చెబుతున్నాను.

వీళ్లిద్దరికీ ముప్పై ఏళ్లుగా ఎలా కుదిరిందని ఎవరైనా అడిగితే నిలకడమ్మ దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. "ఆయన కదలరు, నేను ఆగను. ఇంక ఒకళ్లకొకళ్లం అడ్డమెక్కడొస్తాం?"

లాండ్రీలో ఆమెది మడతబల్ల. హోటళ్ల నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చిన దుప్పట్లు, గలీబులు, టర్కీలు ఉతికి ఆరి ఆమె ముందుకొచ్చి పడతాయి. ఇక్కడో మాట చెప్పుకోవాలి. మా దగ్గర టర్కీ అంటే ఒకటే అర్థం. నూలు పోగులు గిరజాలు తిరిగి, నీళ్లు పీల్చే మందపాటి తువ్వాలు. టర్కీ తువ్వాలు అని పూర్తిగా అనే తీరిక ఎవరికుంది? టర్కీ అంటాం, ఊరుకుంటాం. ఆ టర్కీని నిలకడమ్మ మడత పెడుతుంటే చేతులు కనబడవు, గాలి మాత్రం తగులుతుంది. ఎండాకాలం ఫ్యాను లేకపోయినా ఆమె పక్కన నిలబడితే చాలు.

చెయ్యి అంత చురుకు. కానీ ఆ చేతికే ఒక జబ్బుంది. మూత కనబడితే తీస్తుంది. తలుపు కనబడితే తెరుస్తుంది. ఇంట్లో బంగాళాదుంపలు ఉడకబెడితే ఉడికాయో లేదో చూడటానికి చాకుతో ఎన్నిసార్లు పొడుస్తుందంటే, చివరికి గిన్నెలో మిగిలేవి దుంపలా కన్నాలా అని మామయ్య భూతద్దం పెట్టుకుని చూడాలి. ఆ మధ్య తన ఆడపడుచు భోజనం డబ్బా మూత తీసి చూసింది. ఆడపడుచు కూడా మా లాండ్రీలోనే, పదకొండు గంటల పాళీలో పనిచేస్తుంది. "నా డబ్బాలో నీకేం పని వదినా?" అని ఆమె, "చూస్తే అరిగిపోతుందా?" అని ఈమె. అంతే, అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఈ సంగతి మరిచిపోకండి, మళ్లీ పనికొస్తుంది.

పద్దెనిమిదేళ్లు మడతబల్ల ముందు నిలబడ్డాక నిలకడమ్మ మోకాళ్లు చేతులెత్తేశాయి. మెట్లెక్కుతుంటే ఆ మోకాళ్ల టకటకలకు ఎవరో తలుపు కొడుతున్నారని కింది వాటా వాళ్లు వెళ్లి తీసేవారు. డాక్టరు దగ్గరికెళితే ఆయన ఫొటో తీయించి, దీపం ముందు పెట్టి, "అమ్మా, ఇంకో ఏడాది రోజుకి పదేసి గంటలు నిలబడ్డావంటే ఆ తర్వాత నీ ఇష్టం కాదు, నా కత్తి ఇష్టం" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి మనిషి మొదటిసారి కాసేపు కదలకుండా ఉందట. మామయ్య భయపడి నాడి చూశాడట.

మా లాండ్రీ మొత్తానికి కూర్చుని చేసే పని ఒక్కటే ఉంది. ఆరబెట్టే గది. నాలుగు పెద్ద డ్రమ్ములుంటాయి, మనిషి దూరేంత. వాటి ముందు ఒక చెక్క కుర్చీ. ఇరవై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన పోయిన నెల పని మానేశాడు. ఆయన ఆకారం ఇంకా ఆ చెక్కలో గుంటపడి ఉంది. నిలకడమ్మ కన్ను ఆ గుంట మీద పడింది.

వెళ్లి మేడమ్‌గారిని అడిగింది. మేడమ్‌గారు అంటే మా లాండ్రీ యజమానురాలు. ఆవిడ నవ్వరు. పుట్టినప్పుడు కూడా ఏడవకుండా మంత్రసానిని ఎగాదిగా చూశారని మా అందరి నమ్మకం.

"నువ్వా? ఆరబెట్టే గదికా?" అన్నారు మేడమ్‌గారు.

"మోకాళ్లు మేడమ్. కూర్చునే పనైతే..."

"కూర్చోవడం సరే. తలుపు తియ్యకుండా ఉండగలవా? మధ్యలో తీస్తే వేడంతా పోతుంది. పైకి ఆరినట్టుంటుంది, లోపల చెమ్మ. హోటలు వాళ్ల ముక్కు దగ్గరికి వెళ్లేసరికి పాత సాక్సు వాసన. పోయిన నెల పెద్దాయన మానేశాక రెండు రోజులు నిన్ను కూర్చోబెట్టాను. ఎన్నిసార్లు తీశావు?"

"లెక్కపెట్టలేదు మేడమ్."

"నేను పెట్టాల్సిన పని కూడా లేకపోయింది. మూడో డ్రమ్ము పిడి ఊడి నా బల్ల మీదకొచ్చింది."

నిలకడమ్మ అక్కడే నిలబడింది. అంటే, నిలబడి రెండు మడమలూ మార్చి మార్చి ఎత్తుతూ ఉంది. మేడమ్‌గారు ఆ మడమల్నే చూస్తూ ఏదో ఆలోచించారు. ఆవిడ బల్ల పక్కన, ఐసు పెట్టెలో, హోటలు వంటింటి నుంచి అప్పుడే వచ్చిన పొట్లం ఒకటుంది. అక్కడ పెద్ద విందేదో రద్దయిందట, మిగిలిన సరుకు పంచుతూ మాకూ ఒకటి పంపారు. చిన్న సూట్‌కేసంత మాంసం, ఎముకతో సహా.

"ఇది టర్కీ" అన్నారు మేడమ్‌గారు.

అక్కడున్న మేమందరం తొంగి చూశాం. "ఇంత లావు తువ్వాలు ఏ హోటలుది మేడమ్?" అన్నాడు వ్యాను డ్రైవరు.

"తువ్వాలు కాదు. పిట్ట. కోడికి పెదనాన్న లాంటిది. ఇది దాని రొమ్ము ముక్క. శనివారం మధ్యాహ్నం అందరికీ భోజనం ఇదే." తర్వాత నిలకడమ్మ వైపు తిరిగారు. "మా ఇంట్లో కరెంటు కుండ ఉంది. సన్నటి వేడి మీద ఆరు గంటలు ఉడకాలి. మూత తీసిన ప్రతిసారీ అరగంట వెనక్కి పోతుంది. పొద్దున ఎనిమిదింటికి పెట్టు. రెండింటి దాకా మూత మీద చెయ్యి పడకూడదు. పడకపోతే కుర్చీ నీది."

"పడితే?"

"మడతబల్ల ఎక్కడికీ పోదు."

ఆ మాట మాకందరికీ ఆ పూటే తెలిసిపోయింది. ఒక్క ఆడపడుచుకు తప్ప. ఆమెకు పన్ను నొప్పి, రెండు రోజులు సెలవు. చెప్పాల్సిన వదినకేమో ఆమెతో మాటల్లేవు.

శుక్రవారం సాయంత్రం ఇంటి దగ్గర సరంజామా మొదలైంది. ఎలా చెయ్యాలో మేడమ్‌గారు ఒక కాగితం మీద రాసిచ్చారు. మామయ్య భూతద్దం పెట్టుకుని ఒక్కో అక్షరమూ గడియారంలో చక్రం తీసినట్టు తీసి చదివాడు.

"ముందుగా... టర్కీని... పొడిగా... తుడవవలెను."

"దేంతో?"

"అది రాయలేదు."

నిలకడమ్మ బీరువా తీసి మంచి తువ్వాలు ఒకటి లాగింది. టర్కీని టర్కీతో తుడిచిన మనిషి మా పేటలో ఆమె ఒక్కతే. తర్వాత గిన్నెలో ఉప్పు, మిరియాల పొడి, ఎర్రగా ఉండి కారం లేని మిరపపొడి, వెల్లుల్లి పొడి, ఏదో ఎండుటాకు నలిపి వేసి, వెన్నలో కలిపింది. కలిపి, చర్మం ఒక చివర పైకెత్తి లోపలికి చెయ్యి పోనిచ్చి రుద్దడం మొదలుపెట్టింది. బల్ల ఊగింది. గోడ మీద గడియారాలన్నీ ఒకేసారి గంట కొట్టాయి.

"ఏమోయ్, నెమ్మదిగా రాయి. మరక వదిలిస్తున్నావా?" అన్నాడు మామయ్య.

"లోపలికి పట్టొద్దూ?"

"పట్టడానికి రాత్రంతా ఉంది. అది ఎక్కడికీ పోదు. చచ్చిపోయి చాలా రోజులైంది."

గుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెట్టారు. పడుకునే లోపు నిలకడమ్మ ఐదుసార్లు ఫ్రిజ్ తలుపు తీసింది. ఐదోసారి మామయ్య లేచి, తన బల్ల దగ్గరికెళ్లి, ఒక చిన్న బల్ల గడియారం వెనక మూత విప్పి, ఏదో తీసి, బిగించి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. చూస్తే దానికి ఒకటే ముల్లు. గంటల ముల్లు.

"నిమిషాల ముల్లు ఏదండీ?"

"తీసేశాను. అది ఉంటే నువ్వు దాన్నే చూస్తూ కూర్చుంటావు. నిన్ను చూసి అది బెదురుతుంది. ఈ ఒక్క ముల్లు రెండు మీదకొచ్చినప్పుడు లే."

ఆయన మనసు మంచిదే. కానీ ముప్పై ఏళ్లు కాపురం చేసి కూడా ఆ మనిషి సంగతి ఆయనకు తెలియలేదని ఆ ఒక్క పనితో తేలిపోయింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి లాండ్రీ భోజనాల గదిలో మేడమ్‌గారి కుండ పెట్టారు. అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచి, వాటి మీద టర్కీని చర్మం పైకొచ్చేలా కూర్చోబెట్టి, అర గ్లాసు నీళ్లు పక్కనుంచి పోసి, గాజు మూత పెట్టి, బిళ్ల 'తక్కువ' మీదకు తిప్పారు. మేడమ్‌గారు ఆరబెట్టే గది నుంచి ఆ కుర్చీనే తెప్పించి కుండ ఎదురుగా వేయించారు. పక్కన గంపెడు చేతిరుమాళ్లు. "కూర్చుని ఇవి మడత పెట్టు" అన్నారు. పోతూ పోతూ చీటీ మీద తన చేత్తో రాసి, టేపు వేసి కుండకు అంటించారు. ఎవరైనా పొరపాటున తీస్తారేమోనని.

'టర్కీ. రెండింటిదాకా తియ్యొద్దు.' కింద ఆవిడ సంతకం. ఆ సంతకం చూస్తే గోడ మీద బల్లి కూడా సర్దుకుని నిలబడుతుంది.

నిలకడమ్మ కూర్చుంది. పెద్దాయన గుంట ఆమెకు సరిపోలేదు. ఇటు జరిగింది, అటు జరిగింది. గంపెడు రుమాళ్లు ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. ఇంకో గంప తెచ్చారు. అదీ అయిపోయింది. చుట్టుపక్కల మూడు వీధుల్లో రుమాలన్నది లేకుండా మడత పెట్టేసింది. ఆ తర్వాత విప్పి మళ్లీ మడత పెట్టింది.

మూత గాజుదే. కానీ ఆవిరి పట్టి లోపల ఏమీ కనిపించదు. అదే అసలు బాధ. ఇనప మూతయినా బాగుండేది, ఆశ ఉండదు. గాజు మూత చూడనిస్తానని చెప్పి చూడనివ్వదు. ఆమె వంగి చూసింది, పక్కనుంచి చూసింది, బల్ల కింద నుంచి చూసింది. చెవి ఆనించి విన్నది. కుండ ఏమీ మాట్లాడలేదు. ఉడికేదేదైనా చప్పుడు చెయ్యాలి గదా, కుతకుతమనాలి గదా! ఇది అలిగినదానిలా నోరు మూసుకుని కూర్చుంది.

గడియారం చూసింది. ముల్లు తొమ్మిది దాటి ఎక్కడో ఉంది. దారపు ముక్క ఒకటి తీసి ముల్లు కొన మీద అడ్డంగా పెట్టి, కన్నార్పకుండా చూసింది. కదల్లేదు. ఇంకాసేపు చూసింది. కదల్లేదు. గంటల ముల్లు కళ్లముందు కదలదని ఎవరు చెప్పాలి ఆమెకు? గడియారం ఆగిపోయిందనుకుంది. గడియారం ఆగితే కరెంటు కూడా పోయిందేమో. కరెంటు పోతే కుండ చల్లారిందేమో. కుండ చల్లారితే మాంసం పాడైందేమో. అది తిని లాండ్రీ మొత్తం ఆసుపత్రిలో పడితే ఆ ఆసుపత్రి దుప్పట్లు ఎవరు ఉతుకుతారు?

అక్కడిదాకా వెళ్లిన మనిషి ఇంక ఆగుతుందా? అటూ ఇటూ చూసి, మూత వేలు మందం ఎత్తింది. ఆవిరి మొహాన కొట్టింది. ఏమీ కనబడలేదు. టప్పున పెట్టేసింది.

ఎవరూ చూడలేదనుకుంది. గుమ్మం దగ్గర చీపురుతో నేనున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరూ ఆడిపోసుకుంటారు గానీ, ఆ మాటను మధ్యాహ్నం రెండు దాకా దాచాను. నా జీవితంలో అదే రికార్డు. పొట్ట ఉబ్బి చీర ముడి వదులు చేసుకోవాల్సి వచ్చింది.

పది అయింది, పదిన్నర అయింది. వాసన మొదలైంది. వెన్న, వెల్లుల్లి, మిరియాలు. ఇస్త్రీ వాళ్లు మడతలు తప్పు వేశారు. వ్యాను డ్రైవరు హోటలుకు పోవాల్సినవాడు మూడుసార్లు తాళంచెవి మరిచిపోయి వెనక్కొచ్చాడు. వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచి ఒక చురక.

"అక్కా, పిట్ట లోపలే ఉందా? ఎగిరిపోయిందేమో ఒక్కసారి చూడరాదూ!"

"నీ వ్యాను ఎగిరిపోతుంది, పో!"

"ఒక్కసారే అక్కా. మేడమ్‌కి నేను చెప్పను. నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టు నేను గట్టున పెట్టి చాలా రోజులైంది. తమ్ముడూ, నువ్వు కదులు, లేకపోతే కుండలో నీకూ చోటుంది."

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మోకాళ్లు ఆడుతుంటే కుర్చీ నడుస్తోంది. గోడ దగ్గర మొదలైన కుర్చీ పదకొండున్నరకల్లా గది మధ్యకొచ్చింది. దాన్ని మళ్లీ గోడ దగ్గరకి జరపడానికి లేచి అటు తిరిగిన ఆ కాసేపట్లోనే అసలు కథ జరిగింది. కుండ వేడికి టేపు మెత్తబడి చీటీ ఊడి కిందపడింది. ఫ్యాను గాలికి గుమ్మం దాటిపోయింది.

అటుగా వస్తున్నది ఎవరు? ఆడపడుచు. రెండు రోజుల సెలవు అయ్యాక ఆ పూటే పనిలోకొచ్చింది. బుగ్గ ఇంకా వాచి ఉంది. వదిన ఉన్న గది కాబట్టి మొహం అటు తిప్పకుండా పోతోంది. కాలి కింద చీటీ. తీసి చదివింది. టర్కీ. రెండింటిదాకా తియ్యొద్దు. మేడమ్‌గారి సంతకం. లోకంలో ఎవరికైనా అది చదివితే పిట్ట గుర్తొస్తుందేమో గానీ, మా లాండ్రీలో పుట్టి పెరిగినంత పనైన మనిషికి వస్తుందా? అప్పుడే మూడో డ్రమ్ములో హోటలు టర్కీలు ఎనభై తిరుగుతున్నాయి. చీటీ ఆ తలుపు మీదనుంచే ఊడి పడిందని ఆమె నిర్ణయించేసింది. వెళ్లి, గట్టిగా అంటించి, అంతటితో ఆగకుండా, డ్రమ్ము ఆగబోయినప్పుడల్లా బిళ్ల మళ్లీ తిప్పుతూ కాపలా కూర్చుంది. ఆ గదికి మనిషి లేడు గదా, అడిగేవాడూ లేడు. ముప్పావు గంటలో తియ్యాల్సిన టర్కీలు మూడో ముప్పావు గంటలో పడ్డాయి.

ఒంటిగంట దాటాక మాడు వాసన వచ్చింది.

ముందు డ్రైవరు ముక్కుకి తగిలింది. "మాడుతోంది!" అని కేక వేశాడు. ఆ కేకకు ఇస్త్రీ వాళ్లు, ఉతికేవాళ్లు, లెక్క రాసేవాళ్లు అందరూ భోజనాల గదిలోకి దూసుకొచ్చారు. ఇరవై రెండు మంది, నలభై నాలుగు కళ్లు, అన్నీ కుండ మీద.

"అక్కా, తియ్యి! అడుగంటింది!"

"కుర్చీ పోతే పోయింది, మా భోజనం పోతుంది!"

"తీసి కాసిని నీళ్లు పొయ్యవే తల్లీ!"

వాళ్ల వెనక మేడమ్‌గారు. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. తియ్యమనలేదు, వద్దనలేదు.

నిలకడమ్మ చెయ్యి లేచింది. తనంతట తనే లేచింది ఆ చెయ్యి, యాభై రెండేళ్ల అలవాటు. మూత పిడి మీద జానెడు ఎత్తున ఆగింది. ఆమె మొహం చూస్తే నాకు నవ్వు రాలేదు. ఆ పిడికి అటు కుర్చీ, ఇటు డాక్టరు కత్తి. చెయ్యి అక్కడే ఉంది. ముక్కుపుటాలు మాత్రం ఎగిరాయి. ఒకసారి పీల్చింది. మళ్లీ పీల్చింది.

"ఆగండి" అంది. "ఇది మాంసం కాదు."

"మరేంటి, మా నాన్న చుట్టా?" అన్నాడు డ్రైవరు.

"నూలు. నూలు మాడుతోంది."

పద్దెనిమిదేళ్లు మొహానికి ఆనించి మడత పెట్టిన బట్ట వాసన అది. అందరినీ మోచేతులతో తోసుకుని బయటపడింది. మోకాళ్లు టకటకలాడుతున్నా ఆగలేదు. మేము ఆమె వెనక పరుగు, మా వెనక మేడమ్‌గారు. కుండ గదిలో ఒంటరిగా మిగిలింది, మూత పెట్టుకునే.

ఆరబెట్టే గదిలో మూడో డ్రమ్ము ముందు ఆడపడుచు రెండు చేతులూ చాచి నిలబడింది.

"ఖబడ్దార్ వదినా! ముట్టకు! చీటీ కనబడట్లా?"

"లోపల మాడుతోందే! తప్పుకో!"

"నీకు ఏ మూత కనబడ్డా చేతులు ఊరుకోవు గదా! మొన్న నా డబ్బా అయింది, ఇప్పుడు డ్రమ్మా? మేడమ్‌గారు రాసింది చదువు! రెండింటిదాకా తియ్యొద్దట!"

నిలకడమ్మ చీటీ చదివింది. సంతకం చూసింది. వెనక్కి తిరిగి ఆ సంతకం చేసిన మనిషినీ చూసింది. మేడమ్‌గారు ఇంకా ఏం జరుగుతోందో అర్థంకాక నొసలు ముడివేసి ఉన్నారు. మధ్యలో తలుపు తీస్తుందనే గదా ఈ గది ఇవ్వనన్నది. ఇప్పుడు అదే డ్రమ్ము, అదే పిడి, ఆవిడ కళ్లముందే.

"సరే, కుర్చీ నాకొద్దు" అని పైకే అని, ఆడపడుచును నడుం పట్టి ఎత్తి పక్కన పెట్టి, మీట ఆపి, తలుపు లాగింది.

పొగ ముద్దగా బయటపడింది. టర్కీలు ఒక్కోటి లాగి నేల మీద విడివిడిగా పరిచింది. కుప్ప వెయ్యనివ్వలేదు. "కలిపితే అంటుకుంటాయి, దూరం దూరంగా!" అని మా అందరి మీదా అరిచింది. ఆరు తువ్వాళ్లు టీ రంగుకొచ్చాయి, ఒకదాని అంచు నల్లబడి ఎర్రగా రవ్వ మెరుస్తోంది. చెప్పుతో తొక్కి ఆర్పింది. ఇంకో పది నిమిషాలుంటే టర్కీలు కాదు, గది కాదు, ఈ కథ చెప్పడానికి నేను కూడా ఉండేదాన్ని కాదు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను పెంచలేదు.

మేడమ్‌గారు చీటీ పీకి చేతిలో పట్టుకున్నారు. "ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"కింద పడి ఉంది మేడమ్, నేనే మళ్లీ అంటించాను" అంది ఆడపడుచు, మెచ్చుకుంటారేమోనని.

"నేను అంటించింది కుండకి. టర్కీకి."

"నేనూ టర్కీకే అంటించాను."

"టర్కీ అంటే పిట్ట!"

ఆడపడుచు వాచిన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని మా అందరి మొహాలూ చూసింది. "పిట్టేంటి మేడమ్? పిట్టని ఎవరు ఉతకమన్నారు?"

అప్పుడు నవ్వు పుట్టింది గదిలో. మేడమ్‌గారి పెదవి కూడా ఎడమవైపు గింజంత కదిలిందని కొందరంటారు. నేనైతే పళ్లు చూశాను.

రెండయింది. అందరం పళ్లాలు పట్టుకుని కుండ చుట్టూ చేరాం. మామయ్య కూడా తన కొట్టు మూసి వచ్చాడు, ఆ ఒక్కరోజు. మేడమ్‌గారు మూత తీశారు. ఎరుపూ బంగారూ కలిసిన రంగులో మెరుస్తోంది. వేడి చూసే ముల్లు ఒకటి తెచ్చి మధ్యలో గుచ్చారు. డెబ్బై నాలుగు డిగ్రీలు ఉండాలని కాగితంలో ఉంది. ముల్లు అరవై తొమ్మిది దగ్గర ఆగి, ఇంక నన్నేమీ అడగకండి అన్నట్టు కూర్చుంది.

మేడమ్‌గారు మూత మళ్లీ పెట్టేసి తలెత్తారు. "ఎన్నిసార్లు తీశావు?"

నా పొట్టలో మాట గొంతు దాకా వచ్చింది. డ్రైవరు పాపం అడ్డం పడ్డాడు. "కరెంటు తగ్గిందేమో మేడమ్. ఆ మూడో డ్రమ్ము అంతసేపు తిరిగింది గదా!" అందరూ అవునవునన్నారు. ఆడపడుచు అందరికంటే గట్టిగా అంది, తప్పంతా తన మీదకే వస్తుందని తెలిసి కూడా. మంచి సాకే. నిలకడమ్మ ఊ అంటే చాలు.

ఆమె మడమలు ఎత్తుతూ దించుతూ ఉంది. "ఒకసారి" అంది. "తొమ్మిది దాటాక. వేలు మందమే. గడియారం ఆగిపోయిందనుకున్నాను."

"నా గడియారం ఆగదు" అన్నాడు మామయ్య.

"ఒంటి ముల్లుది పెడితే ఏం తెలుస్తుందండీ? అది కదిలి చస్తేగా!"

"గొడవ ఇంటికెళ్లి పెట్టుకోండి" అన్నారు మేడమ్‌గారు. కుండ వైపు చూశారు. నేల మీద పరిచిన టర్కీల వైపు, అవతలి గదిలోకి, చూశారు. "నేను తియ్యొద్దన్న కుండా తీశావు, తియ్యొద్దన్న డ్రమ్మూ తీశావు. కానీ అక్కడ నువ్వు తియ్యకపోతే నా లాండ్రీ లేదు. ఒకసారి తీసినందుకు పిట్టకి అరగంట బాకీ ఉంది. ఆ కుర్చీలో కూర్చుని ఆ అరగంట నువ్వే తీర్చు. చేతులు ఒళ్లో, మడమలు నేల మీద. కదలకపోతే సోమవారం నుంచి ఆ గదిలో కూర్చో."

ఇరవై రెండు మంది ఆకలి మీద నిలబడి ఒక మనిషి కూర్చోవడం చూశాం. ఆరు గంటలు ఒక లెక్క కాదు, ఆ అరగంట లెక్క. నిలకడమ్మ మాడిన టర్కీ ఒకటి తీసి రెండు మోకాళ్లకూ కలిపి చుట్టి, ముడి వేసి, దాని మీద చేతులు పెట్టుకుంది. చెవులు కదిలాయి. ఒట్టు, చెవులు కదిలాయి. ఆడపడుచు వచ్చి తన డబ్బా తీసి ఆమె ఎదురుగా పెట్టింది. "మొన్న చూడాలన్నావుగా వదినా. ఇదిగో, నువ్వే మూత తీసి చూడు" అంది. ఏడిపించడానికో, కలుపుగోలుకో నాకు తెలియలేదు. నిలకడమ్మ డబ్బా వంక చూసింది, చూపు తిప్పేసుకుంది.

మామయ్య గడియారం చేతిలోకి తీసుకున్నాడు. జేబులోంచి కాగితపు పొట్లం విప్పి, మీసమంత నిమిషాల ముల్లు చిమటాతో పట్టి, భూతద్దం పెట్టుకుని, దాన్ని దాని చోట బిగించి, తన చేతి గడియారం చూసి సరిచేసి ఆమె ముందు పెట్టాడు. "ఇప్పుడు చూసుకో" అన్నాడు.

ఆమె దాని మీద కళ్లు పెట్టింది. ఇంక అక్కడినుంచి తియ్యలేదు.

అరగంట కావస్తుండగా వేడి ముల్లు పట్టుకుని మేడమ్‌గారు బల్ల దగ్గరికొచ్చారు. అందరూ పళ్లాలు సర్దుకున్నారు. "చాలు, అయింది. లేచి నువ్వే తియ్యి మూత" అన్నారు ఆవిడ.

నిలకడమ్మ లేవలేదు. మోకాళ్ల మీద టర్కీని రెండు చేతులా బిగించి పట్టుకుని, కళ్లు గడియారం మీదనుంచి తిప్పకుండానే అంది.

"ఇంకో నిమిషం ఉంది మేడమ్."